నాలుగు పుస్తకాల రేవు

తూర్పు తీరంలో ఒక రేవు ఉండేది. కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం గూడ్సు బళ్లలో వచ్చి అక్కడి యార్డులో కుప్పలు పడేది. ఆ కుప్పల్లోంచి కన్వేయరు బెల్టుల మీదుగా ఓడలకెక్కి, సముద్రం దాటి, పరాయి దేశపు కొలుముల్లో ఉక్కుగా మారేది.

ఆ రేవు పెద్ద మంచి మనసున్నవాడు. పొద్దున పనికొచ్చిన మనిషి సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరాలి, పక్కనున్న ఊరూ సముద్రమూ పాడవకూడదు, తన రేవు దాటిన సరుకుకు మంచి పేరుండాలి అని ఆయన కోరిక. తనొక్కడి వల్ల ఇంత పని కాదని నలుగురు అధికారులను పెట్టుకున్నాడు. ఆరోగ్యం ఒకరికి, భద్రత ఒకరికి, పర్యావరణం ఒకరికి, నాణ్యత ఒకరికి అప్పగించాడు. ఒక్కొక్కరి చేతికి ఒక్కో పుస్తకం ఇచ్చాడు.

"మీ శాఖలో ఏ లోపం జరిగినా ఇందులో ఎర్రసిరాతో రాయండి. ఏడాది చివర ఎవరి పుస్తకంలో ఎర్రగీత ఉండదో వారికి నిండు సభలో సన్మానం చేస్తాను" అన్నాడు.

నలుగురూ నిజాయతీపరులే. జరిగిన లోపాన్ని దాచే గుణం ఏ ఒక్కరికీ లేదు. లోపమే జరగకుండా చూడాలని రాత్రింబవళ్లు కష్టపడ్డారు.

ఆరోగ్యాధికారి వైద్యుడు. యార్డులో పనిచేసే కలాసీలు దగ్గుతుంటే ఆయనకు నిద్ర పట్టేది కాదు. గాలి తోలితే చాలు, కుప్పల మీది ఎర్రటి పొడి లేచి వాళ్ల ముక్కుల్లోకీ గొంతుల్లోకీ పోయేది. గోడ అవతల పేటలో ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఎర్రబడేవి. ఆయన పట్టుబట్టి యార్డులో నీళ్లు చల్లే వేళలను రెట్టింపు చేయించాడు. దుమ్ము అణిగింది, దగ్గులు తగ్గాయి. పేటలో ఆడవాళ్లు ఆయనకు దణ్ణం పెట్టారు.

పర్యావరణాధికారి సముద్రం ఒడ్డున పుట్టినవాడు. చల్లిన నీళ్లు ఎర్రగా పారి కాలువలోంచి సముద్రంలో కలుస్తున్నాయని చూశాడు. చేపలు ఒడ్డుకు రావడం లేదని జాలర్లు మొత్తుకుంటున్నారు. వెంటనే యార్డు చుట్టూ మోకాలెత్తు గట్టు పోయించి, కాలువ తూము మూయించాడు. ఎర్రనీరు ఒక్క చుక్క కూడా బయటికి పోలేదు. జాలర్లు సంతోషించారు.

భద్రతాధికారి ఒకప్పుడు తన కళ్లముందే ఒక కలాసీ కుప్ప మీంచి జారిపడటం చూశాడు. వాన వచ్చేలా ఉంటే కుప్పలకు టార్పాలిన్లు కప్పాలని పైకెక్కేవారు. గాలికి టార్పాలిను లేస్తే దాన్ని పట్టుకున్న మనిషీ లేచేవాడు. అందుకని గాలి వీస్తున్నప్పుడు, పొద్దు వాలిన తర్వాత ఎవరూ కుప్ప ఎక్కరాదని ఆజ్ఞ వేశాడు. ఆనాటి నుంచి ఒక్కరూ పడలేదు. కలాసీల ఇళ్లలో ఆయన పేరు చెప్పుకున్నారు.

నాణ్యతాధికారి లెక్క తప్పని మనిషి. ఓడకు ఎక్కించే ప్రతి కుప్ప నుంచీ నమూనా తీయించి, ప్రయోగశాలకు పంపి, ఇనుము ఎంత, తేమ ఎంత అని చీటీ తెప్పించి దాచేవాడు. నమూనా తీసిన ఏడు రోజుల లోపే సరుకు ఓడకెక్కాలని నియమం. ఆయన ఆ గడువు ఒక్కసారి కూడా దాటనివ్వలేదు. కొనేవాళ్ల దగ్గర నుంచి ఫిర్యాదన్నది లేదు.

నాలుగు పుస్తకాల్లోనూ ఎర్రసిరా చుక్క పడలేదు.

ఆ ఏడాది స్వాతి కార్తెలో ఒక ఓడ వచ్చి బెర్తుకు కట్టుకుంది. అంతకు నాలుగు రోజుల ముందే దాని సరుకుకు నమూనా తీశారు. చీటీ వచ్చింది, తేమ హద్దులోనే ఉంది. ఆ తర్వాత రెండు రాత్రులు ఈదురుగాలితో వాన పడింది. గాలి ఉంది కనుక, పొద్దు వాలింది కనుక కుప్పలకు ఎవరూ టార్పాలిన్లు కప్పలేదు. గట్టు ఉంది కనుక వాననీరు బయటికి పోలేదు. మూడో రోజు పొద్దున్నే వాన తెరిపిచ్చింది, గంట కొట్టినట్టు వేళకు నీళ్లు చల్లే యంత్రాలు తిరిగాయి. ఎక్కించడం మొదలైంది.

యార్డులో ఒక పెద్ద మేస్త్రీ ఉండేవాడు. జట్టు కలాసీలకు పని పురమాయించడం అతని పని. తల నెరిసేదాకా ఖనిజంతోనే బతికాడు. మధ్యాహ్నం కుప్ప అడుగు తవ్వుతున్న చోటికి వచ్చి నిలబడ్డాడు. పైన సరుకు గట్టిగా, ఆరినట్టే ఉంది. అడుగున రంగు నల్లబడి ఉంది. కాలు తీసి కాలు వేస్తే అడుగు గుర్తులో నీరు ఊరుతోంది.

అతను మాట్లాడకుండా తన సామాను పెట్టెలోంచి ఖాళీ పాలపొడి డబ్బా తీశాడు. కుప్ప అడుగు నుంచి ఖనిజం తీసి డబ్బాలో సగానికి నింపాడు. జెట్టీ అంచున సిమెంటు దిమ్మ దగ్గర కూర్చుని, డబ్బాను జానెడు ఎత్తు నుంచి దిమ్మకేసి కొట్టాడు. కొట్టి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ కొట్టాడు. అలా ఇరవై ఐదు సార్లు. ఆ పద్ధతి ఏనాడో ఒక ముసలి కెప్టెన్ అతనికి నేర్పింది. పదో దెబ్బకు సరుకు పైభాగం మెరిసింది. పదిహేనుకు తడి తేలింది. ఇరవై ఐదో దెబ్బ పడేసరికి డబ్బాలో సరుకు చదునై, దాని మీద నీరు పలచగా నిలిచింది. డబ్బాను ఒంచితే, అంతకుముందు గుట్టగా నిలిచిన ఖనిజం జారి ఒక పక్కకు చేరింది.

మేస్త్రీ డబ్బా పట్టుకుని భద్రతాధికారి గదికి వెళ్లాడు.

"సార్, సరుకు అడుగంతా నీరు పట్టింది. ఇది ఓడకెక్కితే ప్రమాదం" అన్నాడు.

భద్రతాధికారి కంగారుగా లేచాడు. "ఎవరైనా పడ్డారా మేస్త్రీ? తాడు తెగిందా?"

"లేదు సార్."

"జట్టులో అందరికీ హెల్మెట్లున్నాయి కదా?"

"ఉన్నాయి సార్. కానీ సరుకు..."

"సరుకు తేమ నాణ్యత వాళ్లు చూసేది. నేను చెప్పకూడదు, వాళ్లకు తెలిసినంత నాకు తెలియదు. వెంటనే వెళ్లి చెప్పు."

నాణ్యతాధికారి డబ్బాలోకి చూసి, బీరువాలోంచి చీటీ తీశాడు. "ఇదిగో, ఆరు రోజుల కిందటి నమూనా. గడువు లోపుదే."

"తర్వాత వాన పడింది సార్."

"పడితే తేమ కొంచెం పెరిగి ఉంటుంది. కొనేవాడు తడి తూకానికి డబ్బివ్వడు, ఆ మేరకు తగ్గించుకుంటాడు. ఆ లెక్క ఒప్పందంలో ఉంది. అసలు యార్డులో నీరెందుకు నిలిచింది? పర్యావరణం వాళ్లను అడుగు."

పర్యావరణాధికారి డబ్బా చూసి బాధపడ్డాడు. "గట్టు తెంచమంటావా మేస్త్రీ? ఆ ఎర్రనీరు సముద్రంలో పడితే జాలర్లకు నేనేం సమాధానం చెప్పను? నీళ్లు చల్లడం తగ్గిస్తే తడీ తగ్గుతుంది. డాక్టరుగారు ఒప్పుకుంటే ఈ పూటే ఆపిస్తాను."

వైద్యుడు ఆ సమయానికి ఒక కలాసీ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. మేస్త్రీని పిలిచి ఆ మచ్చలు చూపించాడు. "వీడు నీ జట్టువాడే. మళ్లీ దుమ్ము లేపమంటావా?"

మేస్త్రీ నోట మాట రాలేదు. ఆ మచ్చలు నిజం, తన డబ్బాలో నీరూ నిజం.

"ఓడ సంగతి నాకు తెలియదు. ప్రమాదమంటున్నావు కాబట్టి భద్రతాధికారికి చెప్పు" అన్నాడు వైద్యుడు.

మేస్త్రీ మెట్లు దిగి బయటికొచ్చేసరికి పొద్దు గూకింది. ఎక్కించడం అయిపోయి, హాచ్ మూతలు పడి, టగ్గు ఓడను బెర్తు నుంచి లాగుతోంది.

అతను ఇక ఏ గదికీ వెళ్లలేదు. తిన్నగా రేవు పెద్ద బంగళాకు పరిగెత్తాడు. రేవు పెద్ద విన్నాడు, డబ్బా చూశాడు, అప్పటికప్పుడు రేడియోలో కెప్టెన్‌ను పిలిచి వెనక్కి రమ్మన్నాడు. కెప్టెన్ ఓడను తిప్పాడు. కానీ బయట అలలు పెద్దవిగా ఉన్నాయి. జెట్టీ మీద డబ్బాను ఇరవై ఐదు దెబ్బలు ఏం చేశాయో, ఓడ కడుపులోని వేల టన్నుల సరుకును ఆ రాత్రి ఇంజను అదురూ అలల ఊపూ అదే చేశాయి. ఖనిజం బురదై ఒక పక్కకు జారింది. ఓడ అటే ఒరిగింది, మళ్లీ నిలబడలేదు. తెల్లవారేలోపు మునిగిపోయింది. జాలర్లు తమ పడవలు వేసుకుని పోయి నావికులను ఒడ్డుకు తెచ్చారు. ఇంజను గదిలో పనిచేసే ఒక కుర్రవాడు మాత్రం దొరకలేదు.

రెండు రోజుల్లో ఓడలోని ఇంధన నూనె తేలి తీరానికి కొట్టుకొచ్చింది. వలలు నల్లబడ్డాయి. ఆ వాసనకు పేటలో పిల్లలు వాంతులు చేసుకున్నారు. కొన్నవాడికి చేరవలసిన సరుకు సముద్రం అడుగున పడి ఉంది.

రేవు పెద్ద నలుగురినీ పిలిపించాడు. ఎవరి పుస్తకం వారు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆయన ఒక్కొక్క పుటా తిప్పాడు. ఓడ బయలుదేరిన రోజు వరకు ఎందులోనూ ఎర్రగీత లేదు. నలుగురిలో ఎవరూ అబద్ధం రాయలేదు.

"మీ పుస్తకాలు సరిగ్గానే ఉన్నాయి. మరి ఓడ ఎక్కడుంది?" అని అడిగాడు.

ఎవరూ తల ఎత్తలేదు.

ఆయన మేస్త్రీని పిలిచి, అదే కుప్ప అడుగు నుంచి సరుకు తెప్పించి, నలుగురి చేతా డబ్బా కొట్టించాడు. ఒక్కొక్కరూ ఇరవై ఐదు దెబ్బలూ కొట్టారు, ఒక్కొక్కరి డబ్బాలోనూ నీరు తేలింది.

"ఈ నీరు ఎవరిది?" అన్నాడు రేవు పెద్ద.

చాలాసేపటికి వైద్యుడు నోరు విప్పాడు. "చల్లించింది నేను."

"నిలబెట్టింది నేను" అన్నాడు పర్యావరణాధికారి.

"కప్పనివ్వనిది నేను" అన్నాడు భద్రతాధికారి.

"కొలవనిది నేను" అన్నాడు నాణ్యతాధికారి.

రేవు పెద్ద వాళ్లను కొలువు నుంచి తీసెయ్యలేదు. ఐదో అధికారినీ పెట్టలేదు, ఐదో పుస్తకమూ తెరవలేదు. సన్మానాన్ని మాత్రం రద్దు చేశాడు. మూడు కట్టుబాట్లు పెట్టాడు. ఏ శాఖవారు పని పద్ధతి మార్చదలచుకున్నా ముందు మిగిలిన ముగ్గురినీ యార్డుకు పిలిచి, ఈ మార్పు వల్ల మీకేం జరుగుతుందని అడిగి, వారి మాట రాయించుకోవాలి. ఓడకు సరుకెక్కే ముందు నలుగురూ మేస్త్రీతో కలిసి కుప్ప దగ్గర నిలబడాలి, ఐదుగురిలో ఏ ఒక్కరు వద్దన్నా బెల్టు ఆగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రమాదమని ఎవరైనా వచ్చి చెబితే మొదట విన్నవాడే ఆ మాటను చివరిదాకా మోయాలి. చెప్పినవాణ్ణి ఇంకో గదికి పంపకూడదు.

ఆ తర్వాత నలుగురూ కలిసి ఆలోచిస్తే నాలుగు కోరికలకూ దారి దొరికింది. గట్టును తెంచలేదు, కానీ దాని పక్కన గుంట తవ్వి, నిలిచిన నీటిని అందులోకి తోడి, తేర్చి, మళ్లీ చల్లడానికి వాడారు. కుప్ప తడిసి ముద్దయ్యేలా కాక, పైపొర మాత్రం తడిసి దుమ్ము లేవకుండా సన్నని తుంపర చల్లారు. ఓడకెక్కబోయే సరుకును విడిగా, కప్పున్న షెడ్డులో పోశారు. మనిషి కుప్ప ఎక్కకుండానే పక్కనుంచి యంత్రంతో టార్పాలిను పరిచే ఏర్పాటు చేశారు. వాన పడితే పాత చీటీ చెల్లదని, కొత్త నమూనా తీయాలని రాసుకున్నారు.

మరుసటి వానకు ఇంకో ఓడ వచ్చి రెండు రోజులు ఖాళీగా ఆగింది. సరుకు ఎగుమతిదారు ఓడ నిలిచిన రుసుము లెక్కగట్టి రేవు పెద్ద మీద కేకలేశాడు. రేవు పెద్ద కాగితం తీసుకుని సంతకం పెట్టి, "ఇది కట్టగలను. ఆ కుర్రవాడి తల్లికి కట్టవలసింది నా దగ్గర లేదు" అన్నాడు. ఆ రోజు బెల్టు ఆపింది నాణ్యతాధికారి కాదు, వైద్యుడు.

నీతి: ఎవరి బాధ్యత వారు నెరవేర్చినంత మాత్రాన అందరి క్షేమమూ నెరవేరదు. నీ మంచి పని పక్కవాడి పనిలో ఏ చెడుకు దారి తీస్తుందో చూడటం కూడా నీ బాధ్యతే. ప్రమాదం నీ చెవిన పడిన క్షణం నుంచి అది నీదే.

ఈ కథలోని రేవు కల్పితం. కానీ డబ్బాలో తేలిన నీరు కల్పితం కాదు.

సన్నటి ఇనుప ఖనిజం రేణువుల మధ్య నీరు చిక్కుకుని ఉంటుంది. కదలనంత సేపు రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని, సరుకు గట్టిగానే కనిపిస్తుంది. అదురు తగిలే కొద్దీ రేణువులు దగ్గరకు జరుగుతాయి, మధ్యనున్న నీటికి చోటు తగ్గి దాని ఒత్తిడి పెరుగుతుంది. ఒక దశలో రేణువులకు పరస్పర ఆనిక పోయి, మొత్తం ద్రవంలా ప్రవహిస్తుంది. సముద్రపొడ్డున తడి ఇసుకను అరికాలితో పదేపదే తట్టితే నీరు పైకి తేలి, ఇసుక మెత్తబడటం చిన్నప్పుడు అందరం చూసిందే. ఓడ కడుపులో జరిగేదీ అదే. అక్కడ జారేది వేల టన్నులు. అందుకే ఇలా ద్రవంలా మారగల ప్రతి ఖనిజానికీ రవాణాకు తగిన తేమ హద్దు ఇంతని పరీక్షించి నిర్ణయిస్తారు. తేమ అంతకు మించితే మామూలు ఓడలో ఎక్కించకూడదు.

2009 వానాకాలంలో మన దేశపు రేవుల నుంచి ఇనుప ఖనిజపు పొడితో బయలుదేరిన రెండు ఓడలు మునిగాయి. జూలైలో మంగళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్, సెప్టెంబరులో పారాదీప్ దగ్గర బ్లాక్ రోజ్. 2010 చివర్లో ఇండోనేషియా నుంచి నికెల్ ఖనిజం మోస్తున్న మూడు ఓడలు ఆరు వారాలు తిరగకముందే మునిగి 44 మంది నావికులు పోయారు. ఘనసరుకుల రవాణాకు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ రూపొందించిన నియమావళి 2011 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. తేమ నమూనాకూ ఎక్కించడానికీ మధ్య ఏడు రోజులకు మించరాదన్న మాట అందులోనిదే. ఆ మధ్యలో గట్టి వాన పడితే మళ్లీ పరీక్షించాలన్న మాటా దాని పక్కనే ఉంది. కథలోని నాణ్యతాధికారి మొదటి సగం పాటించి, రెండో సగం వదిలేశాడు. మేస్త్రీ చేసిన డబ్బా పరీక్ష కూడా ఆ నియమావళిలో ఉంది. దాన్ని అర్థం చేసుకోవడంలో ఒక జాగ్రత్త అవసరం. డబ్బాలో నీరు తేలితే సరుకు ఆపాలి. తేలకపోతే క్షేమమని తీర్మానించకూడదు, ప్రయోగశాల పరీక్ష చేయించాల్సిందే.

వేరువేరుగా చూస్తే తప్పులేనివి కలిసి విపత్తు కావడం ఖనిజానికే పరిమితం కాదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో పేలిన ఫోర్ట్ స్టికీన్ ఓడలో మందుగుండు ఉంది, పత్తి బేళ్లూ ఉన్నాయి. రేవుల్లో రెండూ నిత్యం నడిచే సరుకులే. యుద్ధకాలపు తొందరలో రెండింటినీ ఒకే ఓడలో సర్దారు. పత్తికి నిప్పంటుకుంది, మందుగుండు పేలింది. మంటలార్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఏటా ఏప్రిల్ 14న మనం జరుపుకునే అగ్నిమాపక దినం వారి స్మరణకే.

2020 ఆగస్టు 4న పేలి బేరూత్ రేవును ధ్వంసం చేసిన 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ అక్కడి 12వ నంబరు గిడ్డంగిలో 2014 నుంచీ ఉంది. అది అక్కడుందని తెలియనివారి వల్ల ఆ ఘోరం జరగలేదు. కస్టమ్స్ అధికారులకు తెలుసు, రేవు అధికారులకు తెలుసు, న్యాయాధికారులకు ఉత్తరాలు వెళ్లాయి. మేస్త్రీ నాలుగు గదులు తిరిగినట్టే ఆ ఉత్తరాలు ఏళ్ల తరబడి తిరిగాయి. రాసినవారు రాశామనుకున్నారు, అందుకున్నవారు ఇది మా పరిధి కాదనుకున్నారు. 200 మందికి పైగా మరణించారు. ఆ వార్త విన్నాక చెన్నై దగ్గర మనలిలో 2015 నుంచి కస్టమ్స్ స్వాధీనంలో పడి ఉన్న దాదాపు 700 టన్నుల అదే రసాయనం అందరికీ గుర్తొచ్చింది. కొద్ది రోజుల్లోనే దాన్ని వేలం ద్వారా కొన్న హైదరాబాద్ సంస్థకు లారీల్లో తరలించారు. ఐదేళ్లు కదలని సరుకు కొద్ది రోజుల్లో కదిలిందంటే, కదిలించడం ఎప్పుడూ సాధ్యమే అన్నమాట. కదిలించాలన్న తొందరే అప్పటిదాకా కనిపించలేదు.

ఇవాళ చాలా పెద్ద రేవుల గోడల మీద మూడు యోగ్యతాపత్రాలు కనిపిస్తాయి. నాణ్యతకు ఐఎస్ఓ 9001, పర్యావరణానికి ఐఎస్ఓ 14001, ఆరోగ్య భద్రతలకు 2018లో వచ్చిన ఐఎస్ఓ 45001. మూడింటి చట్రమూ ఇప్పుడు ఒకే తీరుగా ఉంటుంది. మూడింటినీ కలిపి ఒకే పద్ధతిగా నడుపుకోవడానికి వీలుగానే అలా కూర్చారు. అయినా చాలాచోట్ల మూడు ఫైళ్లు, మూడు తనిఖీలు, మూడు సంతకాలుగానే మిగిలాయి. తనిఖీకి వచ్చినవారు ఏ ఫైలుకాఫైలు తెరిచి, అన్నీ ఉన్నాయని చూసి వెళ్తారు. ఒక ఫైలులోని నిర్ణయం ఇంకో ఫైలును ఏం చేసిందని అడిగేవారు అరుదు. ఆ ప్రశ్న అడగని తనిఖీ సగం తనిఖీయే.

మన తెలుగు తీరం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. విశాఖపట్నంలో ఖనిజం, బొగ్గు దుమ్ముతో పాత నగరవాసులు దశాబ్దాలుగా అవస్థ పడ్డారు. వారి కోసం నీళ్లు చల్లాల్సిందే, సరుకు కప్పాల్సిందే. మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నాల్లో కొత్త రేవులు కడుతున్నాం. వాటిలో ఎన్ని బెర్తులు, ఎంత లోతు, ఎన్ని లక్షల టన్నులు అని లెక్కలు చెప్పుకుంటున్నాం. వాటితోపాటు ఇంకొక లెక్క కూడా మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి. యార్డులో నిలబడ్డ కలాసీ "ఆపండి" అంటే బెల్టు ఆగడానికి ఎన్ని గదులు తిరగాలి? ఆ సంఖ్య ఒకటి దాటితే, గోడ మీద ఎన్ని పత్రాలున్నా ఆ రేవు సురక్షితం కాదు.

దీనికి కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు. అధికారులు వారానికొకసారి గదుల్లోంచి బయటికొచ్చి, నలుగురూ ఒకే చోట నిలబడి, ఒకే కుప్పను చూస్తే చాలు. పద్ధతి మార్చేముందు పక్క శాఖను అడగడం, సరుకును రోజూ ముట్టుకునే మనిషి మాటకు చీటీ మీది అంకెతో సమానమైన విలువనివ్వడం, విన్న హెచ్చరికను చేతులు మార్చకుండా తుదిదాకా నడిపించడం: ఈ మూడూ అలవాటైతే ఆరోగ్యం, భద్రత, పర్యావరణం, నాణ్యత వేరువేరు శాఖలుగా ఉన్నా ఒకే పనిగా నడుస్తాయి. రేవులో పనిచేసేవారికీ, అక్కడి నుంచి సముద్రం మీదికి పోయేవారికీ మనం ఇవ్వాల్సిన కనీస మర్యాద ఇది.